కారు ముసుగు

ఇంటాయన కారుకి ముసుగు వేశాడంటే పైనుంచి ఏదో పడబోతోందని అర్థం. వాన కావచ్చు, వడగళ్ళు కావచ్చు, పక్క మేడకి రంగులేసే వాళ్ళ బ్రష్షు విదిలింపు కావచ్చు. ఆ కారు రోడ్డు మీద తిరిగిన దూరం కంటే దాన్ని తుడిచిన గుడ్డ తిరిగిన దూరమే ఎక్కువని వీధిలో చెప్పుకునేవారు. ఒకసారి కాకి దాని మీద వాలబోయి, ఇంటాయన చూపు చూసి, గాల్లోనే క్షమాపణ చెప్పుకుని వెళ్ళిపోయిందని కూడా అనేవారు. అది మాత్రం నమ్మాలో వద్దో ఎవరికి వారే తేల్చుకోవాలి.

ఆ పొద్దున బొగ్గులమ్మ బట్టల మూటల కోసం బయలుదేరుతూ చూసేసరికి, ఇంటాయన ముసుగు అంచులు లాగి చక్రాల కిందికి దోపుతున్నాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో బతుకుతుంది కాబట్టి వీధి ఆమెను బొగ్గులమ్మ అనేది. ఇంటాయన పెరట్లో ఉన్న ఒంటిగది ఆమెకు అద్దె ఇల్లు. గది ముందు జామచెట్టు. చెట్టు కింద ఇస్త్రీ బల్ల, బల్ల పక్కన నీళ్ళ డ్రమ్ము, డ్రమ్ము పక్కన అత్త కూర్చునే పీట. చెట్టుకి అవతలి వైపు కారు.

ఇంటావిడ అప్పటికే కిటికీలన్నీ బిగించింది. వసారాలో వేలాడే చిలక పంజరాన్ని కొంగుతో కప్పి లోపలికి పట్టుకెళ్ళింది.

"ఊరెళ్తున్నారా అండీ?" అంది బొగ్గులమ్మ.

"ఊఁ" అన్నాడు ఇంటాయన. అది అవునో కాదో ఆ ముసుగుకే తెలియాలి.

గదిలో అత్త గోడవైపు తిరిగి పడుకుని గురక పెడుతోంది. లారీ మీద వెళ్ళిన మొగుడు వారం చివరికి గాని రాడు. ఇంటాయన వెళితే రోజంతా ప్రశాంతంగా ఉంటుందనుకుంటూ బొగ్గులమ్మ గేటు దాటింది.

మూటలతో తిరిగి వచ్చేసరికి జామాకులు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. అబ్బో, ఇంటాయన చెట్టుకి కూడా స్నానం చేయించాడే అనుకుంది. ఆకుల కింద పిండి జల్లినట్టు పిండినల్లి పట్టి నెలవుతోంది. అది కార్చే జిగురు తన బట్టల మీద పడుతోందని బొగ్గులమ్మ మొత్తుకున్నప్పుడు ఇంటాయనకు వినపడలేదు. అదే జిగురు కారు అద్దం మీద పడేసరికి చెవులు రెండూ తెరుచుకున్నాయి.

ఏళ్ళ తరబడి బొగ్గుపొగ పీల్చిన ముక్కు ఆమెది. దానికి మరో వాసన ఓ పట్టాన అందదు. నివురుగప్పిన బొగ్గుల్ని విసనకర్రతో రాజేసి, పెట్టె మూత బిగించింది. అడుగుభాగాన్ని తడిగుడ్డ మీద ఒక్కసారి లాగి వేడి చూసుకుంది. డ్రమ్ములో చెంబు ముంచి, చేతివేళ్ళతో నీళ్ళు చిలకరించింది. మూటలో పైన ఇంటాయన తెల్లచొక్కా ఉంది. ఆయనది ఎప్పుడూ మొదట అయిపోవాలి. కాలరు, భుజాలు, చేతులు, చివరికి వీపు. తర్వాత టీచరమ్మ చీరలు, ఆవిడ పిల్లల బడి బట్టలు, మూలమేడ వాళ్ళ దుప్పట్లు. చిలకరించడం, పెట్టె ఆనించడం, లాగడం. ప్రతిసారీ ఆవిరి బుస్సుమని మొహంలోకి లేస్తోంది.

అత్త లేచి వచ్చి పీట మీద కూర్చుని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి కళ్ళు నులుముకుంది.

"ఏమే, బట్టల మీద ఉల్లిపాయలు కోశావా ఏంటి?"

"నాకూ మండుతున్నాయి అత్తా. గొంతులో ఏదో చేదుగా ఉంది."

"బొగ్గులు మార్చావా?"

"లేదు."

బొగ్గులమ్మ పెట్టె నిలబెట్టి, ముందుకు వంగి ఆవిరి పీల్చింది. తల గిర్రున తిరిగింది. డ్రమ్ము దగ్గరికి వెళ్ళి చూసింది. నీటి మీద సన్నని పాలపొర. దాని మీద వెల్లకిలా తేలుతున్న పిండినల్లి పురుగులు. డ్రమ్ము మూత పోయిన ఏడాదే విరిగిపోయింది. ఆ స్థానంలో ఉన్న చెక్కముక్క సగం డ్రమ్మునే కప్పుతుంది. మిగతా సగం ఆకాశానిది.

గేటు అవతల కుళాయి దగ్గర పంపు మామ వీపు పంపు కడుగుతున్నాడు. చుట్టుపక్కల చెట్లన్నిటికీ మందు కొట్టేది ఆయనే. కాళ్ళకి చెప్పుల్లేవు, తలకి మాత్రం తువ్వాలు ఉంది. నాజిల్లో ఏదో అడ్డుపడితే దాన్ని నోట్లో పెట్టుకుని, బుగ్గలు పొంగించి, తుర్రుమని ఊదాడు. తర్వాత పెదాలు తుడుచుకున్నాడు.

"మామా, చెట్టుకి మందు కొట్టావా?"

"కొట్టానా? అదేం ప్రశ్న పిల్లా! నేను కొడితే చెట్టు మీది పురుగు చచ్చి ఊరుకోదు, దాని మేనమామ పక్క ఊళ్ళో చస్తాడు. ఒకసారి బత్తాయి తోటలో కొడితే, ఆ గాలికి అవతలి ఒడ్డున చేపలు తుమ్మాయి."

"మా డ్రమ్ము మూత లేకుండా ఉంది కదా మామా!"

పంపు మామ కథ మధ్యలో ఆగిపోయాడు. ఆగడం ఆయనకు అలవాటు లేదు. "ఇంటాయన అంతా చూసుకున్నానన్నాడే. వెనక గదివాళ్ళు లేరన్నాడు."

"అప్పుడు మా అత్త లోపలే పడుకునుంది. తలుపు తీసే ఉంది."

పంపు మామ పంపు వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, తన కాళ్ళ వైపు చూశాడు.

బొగ్గులమ్మ తిన్నగా వసారా మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఇంటాయన కారు ముసుగు తీసి, బయటివైపు లోపలికి వచ్చేలా జాగ్రత్తగా మడత పెడుతున్నాడు.

"మందు కొట్టించారా అండీ?"

"చెట్టుకి కొట్టించాను. మీకు కాదుగా."

"మా నీళ్ళలో పడింది. ఆ నీళ్ళే చల్లి ఇస్త్రీ చేశాను. ఒక్క మాట చెప్పి ఉంటే మూసుకునేదాన్ని."

"నా చెట్టు, నా పెరడు. నీకు చెప్పి కొట్టించాలా?"

"కారుకి చెప్పారుగా."

ఇంటాయన మడత ఆపాడు. మీసం కొద్దిగా కదిలింది. "చూడమ్మాయ్, అది సబ్బునీళ్ళలాంటిది. మనుషులకి ఏమీ కాదు. వారం పోయాక ఇంకో దఫా ఉంది. భయమైతే ఆ కాసేపు తలుపేసుకో. అదీ కష్టమైతే ఊళ్ళో గదులకేం కొదవ?"

లోపల చిలక పంజరంలో రెక్కలు కొట్టుకుంటోంది.

అత్తాకోడళ్ళిద్దరూ కుళాయి కింద మొహాలు పెట్టి కళ్ళు కడుక్కున్నారు. బొగ్గులమ్మ అత్త చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దింది. రుద్దుతుంటే ముసలమ్మ నడుము దగ్గర ఏదో గుండ్రంగా తగిలింది. దోరజామ. పళ్ళు ఊడిన నోటితో దాన్ని ఎలా నమిలేదో గాని, రోజుకొకటి కొంగులో దోపుకోవడం ఆమెకు అలవాటు.

"ఇటివ్వు."

"ఇంకా కొరకలేదే."

"కొరికితే అడిగేదాన్ని కాదు, నిన్ను ఆస్పత్రికి మోసుకెళ్ళేదాన్ని."

కాయ అందుకుని పక్కన పెట్టింది. ముసలమ్మ దాని వైపు, దూరమైన చుట్టాన్ని చూసినట్టు చూసింది.

బల్ల మీద ఇస్త్రీ అయిన బట్టలు దొంతరగా ఉన్నాయి. మడతలు కత్తిలా ఉన్నాయి. వాసన పోతే ఎవరికీ తెలియదు. అత్త ఆ దొంతర మీద చెయ్యి వేసింది.

"చెప్పకే. ఇచ్చేయి. ఆరిపోయాయిగా."

"పిల్లల బడి బట్టలున్నాయి అత్తా."

"చెబితే ఏమవుతుందో తెలుసా? మందు కొట్టించింది ఆయన, కానీ చెడ్డపేరు నీ పెట్టెకి. రేపట్నుంచి పక్కవీధి బండికి వేస్తారు. అప్పుడు మనం గాలికి ఇస్త్రీ చేసుకోవాలి."

బొగ్గులమ్మ దొంతరలోంచి చిన్న గౌను ఒకటి తీసింది. టీచరమ్మ చిన్నకూతురిది. మెడ దగ్గర బొత్తం ఊడితే కిందటి వారం తనే కుట్టింది. ఆ పిల్లకి మెడంతా ఎప్పుడూ చెమటకాయలే. కాసేపు దాన్ని పట్టుకుని నిలబడింది. తర్వాత మొత్తం మూటగట్టి నెత్తిన పెట్టుకుంది.

"పోవే పో" అంది అత్త. "నా కొడుకు నిన్ను చేసుకున్నప్పుడే అన్నాను, దీని నోటికి మూత లేదని."

టీచరమ్మ తలుపు తీసి, ముందు మూటని చూసి నవ్వింది. తర్వాత బొగ్గులమ్మ మొహం చూసి నవ్వు మానేసింది.

"ఇవి ఇస్త్రీ అయ్యాయమ్మా, కానీ ఇవ్వడానికి రాలేదు. చెప్పడానికి వచ్చాను. నేను చల్లిన నీళ్ళలో పురుగుమందు పడింది. అన్నీ మళ్ళీ ఉతికి తెస్తాను. రేపు పిల్లలకి వేరే బట్టలు వేయండి."

"ఏంటమ్మా నువ్వనేది? పిల్లల బట్టల మీద పురుగుమందా? నీకు చూసుకునే పనిలేదా?"

"ఉంది. అందుకే వచ్చాను."

టీచరమ్మ ఇంకేదో అనబోయి, ఎర్రబడిన ఆ కళ్ళని చూసింది. "ముందు నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళావా?" అంది. వెళ్ళలేదంటే, చెప్పులేసుకుని తనే తీసుకెళ్ళింది, ముసలమ్మని కూడా. డాక్టరు కళ్ళలో లైటు వేసి చూసి, చుక్కలు రాసిచ్చి, కాసేపు బల్ల మీద కూర్చోబెట్టి పంపాడు. "అదృష్టం, తక్కువ పడింది" అన్నాడు. "అదృష్టమే బాబూ, కారు మీద పడలేదు" అంది అత్త.

మర్నాడంతా బొగ్గులమ్మ చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని వీధి కుళాయి దగ్గర ఉతికింది. ఉతికే పని ఆమెది కాదు. అయినా ఉతికింది. ప్రతి ఇంటికీ వెళ్ళి అదే మాట చెప్పింది. మూలమేడవాళ్ళు దుప్పట్లు తీసుకుని, మళ్ళీ వేస్తామని మాత్రం అనలేదు. ఇంకో ఇల్లు మొహం మీదే తలుపేసింది. సాయంత్రానికి బల్ల మీద సగం ఖాళీ.

ఒక్క చొక్కా మాత్రం ఆమె ఉతకలేదు. దాన్ని విడిగా కాగితంలో చుట్టి, గూట్లో పెట్టింది. డ్రమ్ములో నీళ్ళు కూడా పారబోయలేదు. సగం చెక్క పక్కన ఇంకో చెక్క చేర్చి, పైన బండరాయి పెట్టింది.

కబురు వీధంతా పాకి, వీధి చివర తిరిగి ఇంటాయన దాకా వచ్చేసరికి బాగా బలిసింది. ఇంటాయన వసారాలోంచే కేక వేశాడు.

"నా చెట్టు గురించి ఊరంతా టముకు వేస్తున్నావట! నెల కాగానే గది ఖాళీ చెయ్యి."

అత్త చేతిలో మడత జారింది. బొగ్గులమ్మ మాత్రం పెట్టెలో బొగ్గులు కదిపి, "రెండో దఫా ఎప్పుడన్నారండీ?" అంది.

"నీకెందుకు?"

"ఇంట్లో ఉండాలని."

రెండో దఫా రోజు పొద్దున్నే గాలి లేచింది. జామాకులు తిరగబడి, తెల్లటి అడుగులు చూపిస్తున్నాయి. కారుకి ముసుగు పడింది. కిటికీలు మూతపడ్డాయి. చిలక లోపలికి పోయింది. పంపు మామ పంపు వీపున వేసుకుని వచ్చేసరికి, చెట్టు కింద బొగ్గులమ్మ ఇస్త్రీ చేస్తోంది. పక్కన పీట మీద అత్త, కాళ్ళు బారజాపుకుని, పదేళ్ళదాకా లేచే ఉద్దేశం లేనట్టు కూర్చుంది.

"అమ్మాయ్, లోపలికి పో. మందు కలిపేశాను" అన్నాడు పంపు మామ.

"కొట్టు మామా. మేం లేమనుకో. పోయినసారి అనుకున్నావుగా."

"అలా అంటావేంటే, నాకు తెలియకేగా!"

"ఇప్పుడు తెలిసిందిగా. కొట్టు."

పంపు మామ నిలబడ్డాడు. పాము నోట్లోంచి కప్పని లాక్కొచ్చిన కథ, పిడుగుని పంపుతో ఆర్పిన కథ, అన్నీ ఉన్నాయి ఆయన దగ్గర. ఆడమనిషి బల్ల వదలకపోతే ఏం చేయాలో చెప్పే కథ మాత్రం ఒక్కటీ లేదు.

ఇంటాయన బనీనుతో వసారాలోకి వచ్చాడు. బయటికి వెళ్ళే హడావిడిలో ఉన్నాడు. అదే సమయానికి టీచరమ్మ మూటతో గేటు తీసింది. ఆవిడ వెనక మూలమేడ కోడలు, దుప్పట్లు చంకన పెట్టుకుని, ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"ఏంటి నాటకం? లే అక్కణ్ణుంచి. నా తెల్లచొక్కా ఏది? వారమైంది ఇచ్చి."

"సిద్ధంగా ఉందండీ."

బొగ్గులమ్మ పెట్టె నిలబెట్టి, గదిలోకి వెళ్ళి, కాగితం చుట్ట తెచ్చింది. విప్పింది. చేతులకి సంచులు తొడుక్కుని చొక్కాని రెండు అంచులూ పట్టుకుని ఎత్తింది. కాలరు నిలబడి ఉంది. ఒక్క ముడత లేదు.

"వీధిలో అందరి బట్టలూ మళ్ళీ ఉతికాను. మీదొక్కటే ఉతకలేదు. ఆ రోజు డ్రమ్ము నీళ్ళు చల్లి మొదట చేసింది ఇదే. సబ్బునీళ్ళలాంటిది, మనుషులకేం కాదన్నారుగా. తీసుకోండి. వేసుకెళ్ళండి."

మెట్ల దాకా వెళ్ళి చాచి పట్టుకుంది.

ఇంటాయన చెయ్యి సగం దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"ముట్టుకోకండి!"

ఆ కేక ఇంటావిడది. కిటికీ రెక్క ఓరగా తెరిచి చూస్తోంది. అన్న తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంటాయన చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. రెండో చెయ్యి కూడా దానికి తోడుగా వీపు వెనక్కి వెళ్ళింది. బడిలో బెత్తం చూసిన పిల్లాడిలా నిలబడ్డాడు. జామాకులే గలగలమన్నాయి. నాజిల్ ఊదబోతున్న పంపు మామ, దాన్ని పెదాల దగ్గర్నుంచి మెల్లగా దించి చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి దాని రుచి గుర్తొచ్చినట్టు పక్కకి ఉమ్మేశాడు.

బొగ్గులమ్మ చెయ్యి దించలేదు.

"మీరు వేసుకోలేని దాన్ని మా అత్త వారం కిందట పీల్చింది" అంది. గొంతు పెంచలేదు. "గది ఖాళీ చేయమన్నారు. సరే. నెల ఉంది కదా. ఆ నెలంతా మేం మనుషుల్లా ఉంటాం. చెట్టుకి కొట్టాలంటే ముందు మాకు చెప్పాలి. డ్రమ్ము మూయాలి. గాలి తగ్గాలి. అప్పటిదాకా నేను ఇక్కణ్ణుంచి లేవను."

"నేనూ లేవను" అంది అత్త. "నాకెలాగూ లేవడం కష్టమే."

మూలమేడ కోడలు దుప్పట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. పంపు మామ పంపు వీపు మీంచి దించి గోడకి ఆనించాడు.

"గాలి ఉంది బాబుగారూ. ఇవాళ నావల్ల కాదు" అన్నాడు.

"మందు సీసా ఏది మామా?" అంది టీచరమ్మ.

పంపు మామ జేబులోంచి తీశాడు. బొగ్గులమ్మ దాన్ని సంచి చేత్తోనే అందుకుని ఇంటాయన ముందు మెట్టు మీద నిలబెట్టింది. "అంత చిన్న అక్షరాలు నాకు ఆనవు. ఇంకా కళ్ళ మంట తగ్గలేదు. మీరే చదవండి, అందరికీ వినపడేలా."

ఇంటాయన వంగాడు. ముట్టుకోకుండానే, కళ్ళజోడు సర్దుకుని, పేపరు చదివినట్టు గట్టిగా మొదలుపెట్టాడు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకోవాలి, చేతులకి తొడుగులు వేసుకోవాలి అనేదాకా గొంతు గట్టిగానే ఉంది. నాజిల్‌ని నోటితో ఊదరాదు అన్నప్పుడు పంపు మామ దగ్గాడు. గాలి ఉన్నప్పుడు కొట్టరాదు అన్నప్పుడు ఆకులు మళ్ళీ గలగలమన్నాయి. మనుషుల్ని, పశువుల్ని దూరంగా పంపాలి, నీటి తొట్లు మూయాలి అన్నచోట గొంతు బాగా దిగింది. గడువు దాటేదాకా కాయలు కోయరాదు అన్న చివరి మాట పక్కనున్న వాళ్ళకే వినపడింది.

"కారు సంగతి రాసుందా?" అంది అత్త.

ఎవరో నవ్వారు. ఇంటాయన లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా పడలేదు, అదే విశేషం.

ఆ సాయంత్రం పంపు మామ, ఇంటాయన కలిసి డ్రమ్ముని పట్టుకుని, కాలవకి దూరంగా, చెట్టు మొదట్లో గొయ్యి తీసి వంపారు. ఇంటాయన చేతులకి తొడుగులున్నాయి. ఎవరు చెప్పారో, ఎవరు చెబితే విన్నాడో, అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అత్తకి తప్ప.

"ఇంటావిడ రెండు పూటలు మాట్లాడలేదట" అని తనే చెప్పి తనే నవ్వుకుంది.

గాలి తగ్గడానికి రెండు రోజులు పట్టింది. ఆ రోజు తెల్లవారుతుండగానే గది తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు. తీస్తే ఇంటాయన. మొహం పక్కకి పెట్టుకుని, "మందు కొడుతున్నారు" అన్నాడు. ఆ రెండు ముక్కలూ గొంతులోంచి బయటికి వస్తూ చెక్కపేడులా గీసుకున్నాయి.

బొగ్గులమ్మ అత్తని టీచరమ్మ ఇంటి వసారాలో దింపి వచ్చేసరికి, చెట్టు కింద ఇంటావిడ ఒక్కతే ఉంది. కొత్త డ్రమ్ము, దానికో మూత. ఆ మూత చాలదనుకుందో ఏమో, ఇంటావిడ కారు దగ్గరికి వెళ్ళి ముసుగు అంచు పట్టుకుని లాగింది. బరువైన గుడ్డ. బొగ్గులమ్మ రెండో అంచు అందుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని ఇస్త్రీ బల్ల మీద, డ్రమ్ము మీద, అత్త పీట మీద కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. కారు బోడిగా నిలబడింది.

మొహానికి తువ్వాలు, చేతులకి తొడుగులు, కాళ్ళకి ఎవరివో పాత బూట్లతో పంపు మామ వచ్చాడు. "ఈ వేషంలో నన్ను చూస్తే పురుగు నవ్వీ నవ్వీ చస్తుంది, మందే అక్కర్లేదు" అన్నాడు గుడ్డలోంచి. నాజిల్ అడ్డుపడితే మాత్రం చీపురుపుల్లతో పొడిచి, నీళ్ళతో కడిగాడు.

చెట్టు ఆరాక వచ్చి చూస్తే, కారు నిండా చుక్కలు. ఇంటాయన గుడ్డ, బకెట్టు పట్టుకుని చాలాసేపు తుడిచాడు. చెట్టు కింద పెట్టె వేడెక్కుతోంది. ఖాళీ చేయమన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. బొగ్గులమ్మ కూడా అడగలేదు. తెల్లచొక్కాని రెండుసార్లు ఉతికి, కొత్త నీళ్ళు చల్లి, కాలరు నిలబెట్టి ఇచ్చింది. ఆయన తీసుకునే ముందు వాసన చూశాడు.

"చూడండి, చూడండి" అంది. "అందరూ చూసుకునే తీసుకుంటున్నారు ఇప్పుడు."

ఆ తర్వాత కొన్నాళ్ళు జామచెట్టుకి కాపలా అత్తదే అయింది. కొత్త కాయలు పసుపు తిరుగుతున్నాయి. పీట చెట్టు మొదలుకి జరుపుకుని, చేతిలో కర్రతో, రాజ్యం ఏలినట్టు కూర్చునేది. మందు గడువు ఎప్పటికి తీరుతుందో బొగ్గులమ్మ చెప్పింది.

"అన్నాళ్ళు నేనుంటానో లేదో" అంది ముసలమ్మ.

"ఉండాలి. కాయ తినకుండా పోతే ఊరుకోను."

ఒక మధ్యాహ్నం బొగ్గులమ్మ దుప్పటి మీద పెట్టె లాగుతోంది. ఇంటాయన పెరట్లోకి వచ్చాడు. కిందికి వేలాడుతున్న కొమ్మ దగ్గర ఆగాడు. పిడికిలంత పండు, ఆ మధ్యాహ్నపు ఎండలో మెరుస్తోంది. తన చెట్టు, తన పెరడు. చెయ్యి ఎత్తాడు.

టక్కుమని కర్ర కొమ్మ మీద పడింది.

"ఇంకా కాలేదు" అంది అత్త.

ఇంటాయన చెయ్యి గాల్లో ఆగింది. బొగ్గులమ్మ పెట్టె ఆపింది. ఆవిరి సన్నగా పైకి లేచింది, దాంట్లో బొగ్గు వాసన తప్ప ఏమీ లేదు.

ఇంటాయన చెయ్యి దించుకున్నాడు.

"ఇంకెన్నాళ్ళంటారు?" అని అడిగాడు.

"ఎల్లుండి రండి" అంది ముసలమ్మ, కర్ర ఒళ్ళో పెట్టుకుంటూ. "వచ్చే ముందు చెప్పి రండి."